గుచ్చుకోని నాలుగో గోనె

మా జిన్ బట్టీలో ఎవరు అడుగుపెట్టినా పిన్ని ముందు కాలెత్తమంటుంది. చెప్పు అడుగున ఇనుప మేకు కనిపించిందా, ఆ మనిషి మంత్రి అయినా సరే, గుమ్మం బయటే చెప్పులు విడిచి ఆవిడ ఇచ్చే రబ్బరు చెప్పులు తొడుక్కోవాల్సిందే. మేకు గచ్చుకు రాసుకుంటే నిప్పురవ్వ లేస్తుందట, గదిలో స్పిరిట్ ఆవిరి ఉంటే ఆ ఒక్క రవ్వే చాలట. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క రవ్వా లేవలేదు. అయినా కాళ్ళెత్తించడం మానలేదు. బట్టీలో అందరూ ఆవిణ్ణి దడుపక్క అంటారు. చాటుగా కాదు, ఎదురుగానే అంటారు. ఆవిడా పలుకుతుంది.

నేను ఆవిడ అక్క కూతుర్ని. అదే బట్టీలో సీసాలకు లేబుళ్ళు అంటిస్తాను. పిన్నిని ఎకసెక్కాలాడే వాళ్ళలో అందరికన్నా ముందుండేదాన్ని నేనే. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో పెద్ద తప్పు బాబాయిది, రెండోది పిన్నిది అని ఊళ్ళో అనుకుంటారు. ఆ రెండింటికన్నా ముందు జరిగిన తప్పు నాది. అది ఎవరూ అడగలేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

సందు చివర ఇటుక గోడల షెడ్డు మా బట్టీ. లోపల మనిషి నిలబడితే మునిగిపోయేంత రాగి కాగు ఉంటుంది. దాని మెడ నుంచి ఒక గొట్టం వంగి పక్కనున్న చన్నీళ్ళ తొట్టిలోకి దిగుతుంది. గొట్టం చివర చిన్న కొళాయి. పైన చెక్క అటక మీద కాయలు, విత్తనాలు, వేళ్ళు ఆరబోసి ఉంటాయి. పని చేసేవాళ్ళం ఐదుగురం. కాగు మీద మాత్రం పిన్ని తప్ప ఎవరూ చెయ్యి వేయరు. వేద్దామన్నా వేయనివ్వదు.

జిన్ ఎలా చేస్తారని ఎవరైనా అడిగితే మా యజమాని గంటసేపు చెబుతాడు. పిన్ని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. రుచీ పచీ లేని ధాన్యపు స్పిరిట్‌కి జునిపర్ కాయల గుణం పట్టించడమే జిన్. పీపాల్లో వచ్చిన స్పిరిట్‌ని నీళ్ళతో పలచన చేసి కాగులో పోస్తుంది. అందులో జునిపర్ కాయలు, ధనియాలు, ఎండు నారింజ తొక్కలు, అతిమధురం వేరు ముక్కలు వేసి మర్నాటిదాకా నాననిస్తుంది. పొద్దున్నే సన్నని సెగ పెడుతుంది. ఆవిరి కాగు మెడ ఎక్కి, గొట్టంలో చల్లబడి, చుక్కలుగా మొదలై దారం లావు ధారగా దిగుతుంది. మొదట దిగేది గోళ్ళరంగు చెరిపే మందులా ఘాటుగా ఉంటుంది, అది పారబోయాలి. చివర దిగేది తడిసిన అట్టపెట్టె వాసన వేస్తుంది, అదీ పనికిరాదు. మధ్యలో దిగేదే సరుకు. ఆ మధ్య ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి మీటర్లున్నాయి గానీ పిన్ని వాటిని నమ్మదు, తన ముక్కునే నమ్ముకుంటుంది.

ఆ ధార దిగినంతసేపూ ఆవిడ మొహం చూడాలి. ధార సన్నబడితే గొట్టం పూడుకుపోయిందని భయం, లావెక్కితే కాగు పొంగిందని భయం. ఊరికే వచ్చిన భయం కాదు లెండి. చిన్నతనంలో ఆవిడ వేరే పెద్ద బట్టీలో సీసాలు కడిగేది. అక్కడొక రోజు ఆవిరి దారి మూసుకుపోయి కాగు మూత ఎగిరిపోయింది. ఇద్దరి చేతులు కాలిపోయాయి. ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లోంచి పోలేదంటుంది. మేం మాత్రం అది వినీ వినీ విసిగిపోయాం.

జిన్‌లో ఎన్ని రకాలున్నాయో పిన్నికి అన్ని భయాలున్నాయి. అన్నీ కాగులోనే వేసి, దించాక నీళ్ళు తప్ప ఇంకేమీ కలపని పొడి రకం ఆవిడకి ప్రాణం. అందులో దాపరికం ఉండదంటుంది. బట్టీ పట్టకుండా స్పిరిట్‌లో కాయలు ఊరబెట్టి వడకట్టే చవక రకాన్ని దగ్గరికి రానివ్వదు. చెక్క పీపాలో నెలలు దాచి పసుపురంగు తెప్పించే రకమంటే, లోపల ఏం జరుగుతోందో కనపడదని భయం. మొలకెత్తిన ధాన్యం రుచి తగిలే పాతకాలపు రకం అన్నిటికీ తాతలాంటిదని గౌరవిస్తూనే, అది మనకెందుకు అని తప్పించుకుంటుంది. ఓడలవాళ్ళ కోసం చేసేవాళ్ళని చెప్పే ఘాటు రకమైతే తుపాకీమందు మీద పోసినా ఆ మందు అంటుకుంటుందట. అది విన్న రోజు ఆవిడ గుక్కెడు నీళ్ళు కూడా తాగలేదు. ఇక చక్కెర కలిపే తీపి రకం. అన్నిటికన్నా దాన్ని చూస్తేనే ఎక్కువ భయం. చక్కెర తప్పుల్ని దాచేస్తుందనేది పిన్ని.

జునిపర్ కాయలు తెచ్చేది బాబాయి. పిన్ని భర్త. ఊరికి పైనున్న కొండవాలు మీద ఆ పొదలు పెరుగుతాయి. ఆకులు సూదుల్లా ఉంటాయి, ముట్టుకుంటే గుచ్చుకుంటాయి. పొద కింద దుప్పటి పరిచి, ఒక చేత్తో కొమ్మ పట్టుకుని రెండో చేత్తో కర్రతో కొడితే ముదిరిన నల్లకాయలు రాలతాయి. చలికాలం మొదట్లో నాలుగు గోనెలు నింపుకొచ్చేవాడు బాబాయి. వచ్చేసరికి చేతులు మోచేతిదాకా ఎర్రగా చిల్లులు పడి ఉండేవి. పిన్ని పక్కన కూర్చుని ఒక్కో గాటుకీ మందు రాసేది.

అదే కొండ మీద ఆ పొదకి దాయాది ఒకటుంది. మావాళ్ళు దాన్ని నున్నపొద అంటారు. అదే రంగు, అదే కాయ, అదే సైజు. ఆకులు మాత్రం సూదుల్లా ఉండవు, కొమ్మకి అతుక్కుపోయి మెత్తగా ఉంటాయి. దాని కాయ విషం. ఎంత తింటే ఎంత ప్రమాదమో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. ఒకప్పుడు ఎవరెవరో దాని కషాయం తాగి రక్తం పోయి చచ్చిపోయారని చెప్పుకుంటారు. కొండెక్కే వాళ్ళకి చిన్నప్పుడే నేర్పే పాఠం ఒక్కటే. గుచ్చుకుంటే కొట్టు, గుచ్చుకోకపోతే ముట్టకు.

ఇక్కడ కూడా పిన్నికి తన పద్ధతి తనకుండేది. బాబాయి గోనెలు దించగానే ఒక్కోదాంట్లోంచి ఒక్కో కాయ తీసి కొరికి, రుచి చూసి, ఉమ్మేసి, నోరు పుక్కిలించేది. మంచి కాయ ముందు కాస్త తియ్యగా, తర్వాత కర్పూరంలా ఉంటుంది. నున్నపొద కాయ నోట్లో పెట్టగానే వికారం పుడుతుంది. నాలుగూ కొరికాకే గోనెలు అటక ఎక్కించి, ఒకే దుప్పటి మీద పోసి కలిపేది, ఏ కాగు పట్టినా ఒకే రుచి రావాలని. ఇరవై ఏడేళ్ళూ అలాగే కొరికింది. ఇరవై ఏడేళ్ళలో ఒక్క చెడ్డ కాయ తగల్లేదు.

ఆ ఇరవై ఏడో ఏడు కొరుకుతుంటే సీసాలు కడిగే ఆవిడ నవ్వింది. దడుపక్కకి మొగుడి మీద కూడా నమ్మకం లేదంది. నేనూ ఊరుకోలేదు. బాబాయ్ విషం పెట్టేవాడైతే ఎప్పుడో పెట్టేవాడు పిన్నీ, నీ నస భరించలేక, అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. బాబాయి నవ్వలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా నన్ను పరీక్ష చేయాలా అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు. ఆ మాట పిన్నికి బాగా తగిలింది. వారం రోజులు ఇంట్లో ఇద్దరికీ మాటల్లేవు.

అందుకే మరుసటేడు గోనెలొచ్చినప్పుడు పిన్ని కొరకలేదు. చెయ్యి గోనెదాకా వెళ్ళింది, నేను చూశాను. బాబాయి మొహంలోకి చూసి చెయ్యి వెనక్కి తీసేసుకుంది. పదండి, అటకెక్కిద్దాం అంది. ఎంత ముద్దొచ్చిందో అప్పుడు నాకు.

ఆ ఏడాది ఇంకో కొత్త సంగతి కూడా జరిగింది. బాబాయి చేతులు చిల్లులు పడకూడదని నేను మందపాటి తోలు గ్లౌజులు కొనిచ్చాను. ముందే చెప్పిన నా తప్పు అదే. గుచ్చుకోవడమే ఆయనకి గుర్తని నాకు తట్టలేదు. ఇక ఆయన కళ్ళు మసకబారుతున్నాయన్న సంగతి మాకెవరికీ తెలియదు.

మొదటి కాగు దిగిన రోజు పిన్ని మొహం చిట్లించింది. మధ్యధారలో ఏదో చేదు తగులుతోందంది. యజమాని రుచి చూసి, వానలు తక్కువైన ఏడాది కాయ అలాగే ఉంటుందన్నాడు. పిన్ని ఇంకోసారి అనబోతే మేమందరం ఒకరి మొహాలొకరు చూసుకుని నవ్వుకున్నాం. మళ్ళీ మొదలైంది అన్నట్టు. పిన్ని ఆ నవ్వు చూసి నోరు మూసుకుంది. చేదు కనపడకుండా కాస్త చక్కెర కలిపి ఈసారి తీపి రకం దించుదామని యజమాని తీర్మానించాడు. చక్కెర కరిగించి పోస్తుంటే పిన్ని పక్కనే నిలబడి ఉంది. ఏమీ అనలేదు.

పది రోజులు నిలవనిచ్చి సీసాల్లో పట్టాం. లేబుళ్ళు నేనే అంటించాను. నూట ఎనభై సీసాలు. పన్నెండు సీసాల పెట్టె ఒకటి మర్నాటి పొద్దున్నే మూలమలుపు హోటల్‌కి వెళ్ళింది.

ఆ పొద్దున పిన్ని ఖాళీ గోనెలు ఉతకడానికి వెనక వాకిట్లోకి తెచ్చింది. ఉతికే ముందు ఒక్కోదాన్ని తిరగేసి, అడుగున మిగిలిన చెత్తని అరచేత్తో ఊడ్చేస్తుంది. నేను సబ్బునీళ్ళు కలుపుతున్నాను. మొదటి గోనె ఊడ్చింది, స్స్ అని చెయ్యి విదిలించింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే, వేలికి రక్తం కూడా వచ్చింది. నాలుగోది ఊడ్చింది. ఏమీ అనలేదు. మళ్ళీ ఊడ్చింది. అరచెయ్యి గోనె అడుగుకి ఆనించి గట్టిగా నొక్కింది.

"గుచ్చుకోవట్లేదే" అంది.

మంచిదేగా అన్నాను నేను, బకెట్‌లోంచి తలెత్తకుండా. తలెత్తి చూస్తే పిన్ని నేల మీద కూర్చుండిపోయి ఉంది. అరచేతిలో చిన్న చిన్న పుల్లలు, పచ్చగా, మెత్తగా, ఊలు దారం ముక్కల్లా. మొహంలో నెత్తురు చుక్క లేదు. నాకు అర్థమవడానికి రెండు క్షణాలు పట్టింది. అర్థమయ్యాక నా పై ప్రాణాలు పైనే పోయాయి.

జీవితమంతా జరగనివాటికి భయపడిన మనిషి, జరిగినదాన్ని చూసి ఒక్క కేక కూడా పెట్టలేదు. లేచి, మూడో గోనె చెత్త ఒక గుప్పెడు, నాలుగో గోనె చెత్త ఒక గుప్పెడు తీసుకుని నేరుగా యజమాని గదికి వెళ్ళింది. నేను వెనకాలే. ఆయన కాగితాల మీదనుంచి తలెత్తకుండానే, ఇవాళేంటమ్మా భయం అన్నాడు.

"రెండు చేతులూ చాపండి" అంది పిన్ని.

ఆవిడ గొంతులో ఏం వినిపించిందో, ఆయన చాపాడు. ఒక చేతిలో ఇది, ఒక చేతిలో అది పోసింది.

"ఇప్పుడు గట్టిగా మూయండి."

మూశాడు. కుడి చెయ్యి వెంటనే విదిలించాడు. ఎడమ పిడికిలి అలాగే మూసుకుని ఉంది. దాన్ని చూసుకుంటూ ఉండిపోయాడు. ఆయనా ఈ ఊళ్ళో పుట్టినవాడే. చిన్నప్పుడు ఆ పాఠం ఆయనకీ నేర్పే ఉంటారు.

"ఎడం చేతిలోది నున్నపొద" అంది పిన్ని. "అటక మీద అంతా కలిపేశాను. కాగులో పోశాను. సీసాల్లో ఉంది. చేదని నాకు తెలిసింది, నోరెత్తలేదు."

యజమాని మంచివాడో చెడ్డవాడో ఇన్నేళ్ళూ నాకు తెలియలేదు. ఆ రోజు మాత్రం ఆయన ఒక్క క్షణం కూడా లెక్కలు వేసుకోలేదు. గోదాముకి తాళం వేయమని, హోటల్‌కి వెంటనే వెళ్ళమని నన్ను పరిగెత్తించాడు.

ఆ సందులోంచి మూలమలుపుదాకా నేనెప్పుడూ అంత దూరం నడిచినట్టు లేదు. పిన్ని నాకన్నా ముందు పరిగెడుతోంది, యాభై ఆరేళ్ళ మనిషి, రబ్బరు చెప్పులు టపటపలాడుతుంటే. ఎదురొచ్చే ప్రతి మనిషి మొహంలోకీ చూశాను. ఇతను తాగాడా, ఆవిడ తాగిందా అని. కడుపు పట్టుకుని ఎవరైనా కూర్చున్నారేమోనని అరుగులన్నీ వెతికాను. పిన్నికి రోజూ ఇలాగే ఉంటుందేమో అనిపించింది, రోజూ ఇలా ఉంటే మనిషి ఎలా బతికిందా అని కూడా అనిపించింది.

హోటల్ అప్పుడే తెరుస్తున్నారు. కుర్చీలు ఇంకా బల్లల మీద తిరగేసే ఉన్నాయి. పెట్టె మూల పడి ఉంది, పైన వేసిన టేపు కూడా విప్పలేదు. పిన్ని ఆ టేపుని తడిమి చూసి, పెట్టె విప్పించి, పన్నెండు సీసాలనూ మూతి పట్టుకుని ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. పన్నెండూ ఉన్నాయి. నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడే ఒక కుర్చీ దించుకుని కూలబడ్డాను. ఏం జరిగిందో తెలియని హోటలాయన మా ఇద్దరికీ మంచినీళ్ళిచ్చాడు.

బట్టీకి ఫోన్ చేశాను. గోదాములో ఎన్నున్నాయో లెక్కపెట్టమన్నాను. నూట అరవై ఏడు అన్నారు. పన్నెండు కలిపితే నూట డెబ్బై తొమ్మిది.

ఒక్కటి తక్కువ. అది ఎక్కడుందో మాకిద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. మా బట్టీలో ఒక ఆనవాయితీ ఉంది. కొత్త కాయతో దించిన మొదటి సీసా ఆ కాయ తెచ్చిన మనిషికి. నిన్న మధ్యాహ్నం యజమాని దాన్ని స్వయంగా బాబాయి చేతిలో పెట్టాడు. ఆదివారం దాకా దాన్ని తెరవడు, ఆదివారం స్నేహితులతో కూర్చుని తెరుస్తాడు, ప్రతి ఏడూ అంతే, అన్నాను నేను. పిన్ని నా మాట వినిపించుకోవట్లేదు.

"రాత్రి భోజనం వద్దన్నారు" అంది.

బాబాయికి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తట్లేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. పిన్ని అప్పటికే రోడ్డు మీద ఉంది. ఆటో ఎక్కాక కూడా నేను ఫోన్ చేస్తూనే ఉన్నాను. పిన్ని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, మూడో గోనె గుచ్చిన వేలిని అదేపనిగా నొక్కుకుంటోంది. నేనేదో ధైర్యం చెప్పబోయి మళ్ళీ ఫోనే నొక్కాను.

బాబాయి వెనక గుమ్మం మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. పక్కన సీసా. మూడో వంతు ఖాళీ. ఒక చెయ్యి కడుపు మీద ఉంది, మొహం చెమటతో తడిసి ఉంది. ఫోన్ లోపల బల్ల మీద మోగి మోగి ఆగిపోయింది.

"వచ్చావా" అన్నాడు పిన్నితో. "నేనే వద్దామనుకున్నా. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అది ఎవరికీ పంపకండి."

ఎప్పుడు తాగారని పిన్ని అడిగింది. నిన్న రెండు గ్లాసులు, ఇవాళ పొద్దున నువ్వెళ్ళాక ఒకటి అన్నాడు. పొద్దున్నించీ కడుపులో మెలిపెడుతోందట. నేను అంబులెన్స్‌కి ఫోన్ చేస్తూనే వింటున్నాను. పిన్ని ఆయన పక్కన మెట్టు మీద కూర్చుంది.

"తెలిసే తాగారా?"

"అనుమానం. చివరి రోజు కాళ్ళు లాగాయి, దగ్గరి వాలుకే వెళ్ళాను. నాకు ఈమధ్య అన్నీ మసగ్గా కనిపిస్తున్నాయి. కాయ నల్లగా ఉంది, చాలనుకున్నా. ఇంటికొచ్చి గ్లౌజులు విప్పి దులిపితే ఒక్క సూదీ రాలలేదు."

"అప్పుడే చెప్పొచ్చుగా."

బాబాయి సీసాని కాస్త దూరంగా జరిపాడు.

"నువ్వు కొరికి చూస్తావుగా అనుకున్నా" అన్నాడు. "ప్రతి ఏడూ కొరుకుతావు. ఈసారీ కొరుకుతావు, ఉమ్మేస్తావు, గోనె పారేస్తావు. ఏదో పొరపాటని నేనంటాను. అంతటితో అయిపోతుంది. నా కళ్ళ గొడవ ఎవరికీ తెలీదు. కానీ నువ్వు కొరకలేదు."

పిన్ని కొంగుతో ఆయన మొహం మీది చెమట తుడిచింది.

"తర్వాతైనా చెబుదామనుకున్నా. చెబితే ఇంక కొండకి పంపవు. అందుకే ముందు నేను తాగి చూద్దామనుకున్నా. నాకేం కాకపోతే ఎవరికీ ఏం కాదుగా."

పిన్ని ఆయన భుజం మీద ఒక్క దెబ్బ కొట్టింది. గట్టిగానే కొట్టింది. తర్వాత అదే భుజం మీద తలపెట్టి ఏడ్చింది. నేను ఆవిణ్ణి ఏడవగా చూడడం అదే మొదటిసారి. ఇంత భయపడే మనిషి ఎప్పుడూ ఏడవలేదన్న సంగతి నాకు అప్పుడే తెలిసింది.

ఆసుపత్రిలో ఐదు రోజులు. మొదటి రోజు మూత్రంలో రక్తం పడింది. ఎంత తాగాడు, అందులో ఎంత విషం ఉంది అని డాక్టరు అడుగుతాడు, మా దగ్గర జవాబు ఉండదు. మూత్రపిండాలు ఎలా పనిచేస్తాయో చూడాలి, అంతవరకు ఏమీ చెప్పలేమన్నారు. ఇది ఆ కాయ వల్లో, ఖాళీ కడుపున అంత తాగడం వల్లో కూడా చెప్పలేమన్నారు. వార్డు బయట బెంచీ మీద పిన్ని పక్కన కూర్చున్నాను. అప్పటిదాకా నేను ఎగతాళి చేసిన భయాలన్నీ నాకు పట్టుకున్నాయి. సెలైను సీసాలో చుక్క ఆగితే లేచేదాన్ని. నర్సు వేగంగా నడిస్తే లేచేదాన్ని. లోపల ఏదో పళ్ళెం కింద పడితే ఇద్దరం ఒకేసారి లేచాం. గ్లౌజుల సంగతి ఆ బెంచీ మీదే పిన్నికి చెప్పాను. నీ తప్పేముందే, చేతులు నొప్పి పెట్టకూడదని కొన్నావు అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మూడో రోజు సాయంత్రం రక్తం ఆగింది. ఐదో రోజు ఇంటికి పంపారు. కళ్ళు పరీక్ష చేసిన డాక్టరు మాత్రం, వెనక నరం ఎండిపోతోందని, ఆపరేషన్‌తో బాగయ్యేది కాదని చెప్పాడు. బట్టీలో నూట డెబ్బై తొమ్మిది సీసాలూ పారబోయించి, అటక మీది కాయలన్నీ గొయ్యి తీసి పూడ్చించారు. కాగుని పిన్ని నాలుగుసార్లు వట్టి నీళ్ళతో ఉడికించి కడిగింది. సీసాలు కడిగే ఆవిడ చాలనలేదు. ఐదోసారి నీళ్ళు తనే మోసుకొచ్చింది.

చలికాలం మళ్ళీ వచ్చింది. బాబాయి కొండ మాట ఎత్తలేదు. వాకిట్లో కూర్చుని కొండవైపు మొహం తిప్పి ఉండేవాడు. ఏం కనిపించేదో తెలియదు. పిన్ని మూడు రోజులు చూసింది. నాలుగో రోజు పొద్దున నాలుగు గోనెలు, దుప్పటి, కర్ర తీసి గుమ్మంలో పెట్టింది. లేవండి అంది. గ్లౌజులేవి అని ఆయన అడిగాడు. పొయ్యిలో పెట్టానంది.

నేనూ వెళ్ళాను, గోనెలు మోయడానికి. పిన్నికి ఎత్తంటే భయం, జారుడంటే భయం, పాములంటే భయం. చలికాలంలో పాములుండవంటే, ఉంటే ఏం చేస్తావంది. ఆ భయాలతోనే బాబాయి మోచెయ్యి పట్టుకుని పై వాలుదాకా ఎక్కింది. పొదల రంగు, ఆకుల తీరు ఆవిడకి బాగానే కనిపిస్తాయి. అయినా తన కళ్ళని తను నమ్మలేదు, నా కళ్ళనీ నమ్మలేదు. పొద దగ్గరికి వెళ్ళగానే బాబాయి ఒట్టి చేతిని తన చేత్తో పట్టుకుని కొమ్మల్లోకి తోస్తుంది. తోసి, ఊపిరి బిగబట్టి ఆయన మొహంలోకి చూస్తూ నిలబడుతుంది.

"అబ్బా" అంటాడు బాబాయి.

అప్పుడు పిన్ని ఊపిరి వదిలి దుప్పటి పరుస్తుంది.